స్టీలు గ్లాసులో ఫోను పెట్టుకుని వినే విద్వాంసులు

మా ఫిడేలు మాస్టారు పాత కచేరీలు వినే పద్ధతి చూస్తే ఆడియో షాపు వాళ్ళకి ఏడుపొస్తుంది. ఫోన్లో రికార్డింగు పెట్టి, ఆ ఫోన్ని తలకిందులుగా ఒక స్టీలు గ్లాసులోకి దించుతారు. గ్లాసుని కిటికీ గట్టు మీద పెట్టి, పడక్కుర్చీలో వెనక్కి వాలతారు. ఇక గంటన్నర వరకూ ఇంటికి ఎవరొచ్చినా ఆయనకి పట్టదు.

ఆమధ్య ఒక ఆదివారం ఆయన్ని నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఇంజినీరు గారింటికి తీసుకెళ్ళాను. ఇంజినీరు గారికి ఆడియో పిచ్చి. ఛాతీ ఎత్తు స్పీకర్లు, ఇద్దరు పట్టి లేపాల్సిన యాంప్లిఫయరు, గ్రానైటు పలక మీద నిలబెట్టిన టర్న్‌టేబుల్. అంతా కలిపి 12 లక్షలు దాటిందని ఆయనే చెప్పారు, అదీ వాళ్ళావిడ వంటింట్లోకి వెళ్ళాక, గొంతు తగ్గించి. మాస్టార్ని సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పాత కచేరీ రికార్డు మీద ముల్లు దించారు. పావుగంట ఓపిక పట్టి, ఆత్రంగా అడిగారు.

"ఎలా ఉందండీ మాస్టారూ?"

"పల్లవిని మార్చి మార్చి పాడే సంగతుల్లో మూడోదాని దగ్గర ఫిడేలాయన కాస్త తొందరపడ్డాడండీ. పాడే ఆయన కనిపెట్టి, అరక్షణం ఆగి కలుపుకున్నాడు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే."

"అది సరేనండీ, సౌండు?"

"సౌండుకేమండీ, శుభ్రంగా వినబడుతోంది."

ఇంజినీరు గారి మొహం చూడలేక నేను రికార్డు అట్ట చదువుతున్నట్టు నటించాను.

మాస్టారు ఒక్కరే ఇలా అయితే ఆయన తీరు అంతే అనుకుని వదిలేయొచ్చు. నాకు తెలిసిన గాయకుల్లో, వాద్యకారుల్లో ఎక్కువమంది ఇళ్ళల్లో ఇదే సంగతి. పాశ్చాత్య సంగీతకారుల గురించి కూడా అక్కడి ఆడియో ప్రియులు ఇదే ఫిర్యాదు చేస్తుంటారు: రోజంతా సంగీతంలో బతికే మనిషి, ఇంట్లో మాత్రం వంటింటి రేడియోతో సరిపెట్టుకుంటాడని. చెవి మీద ఆధారపడి బతికే వాళ్ళకే మంచి శబ్దం అక్కర్లేకపోతే మరెవరికి కావాలి అన్నది ఇంజినీరు గారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

మొదట తట్టే జవాబు డబ్బు. అందులో కొంత నిజముంది, పాఠాలు చెప్పుకునే వాళ్ళ సంపాదన అందరికీ తెలిసిందే. కానీ ఇదే మాస్టారు కిందటేడు ఒక ఫిడేలు కమాను కోసం 60,000 రూపాయలు ఖర్చు పెట్టారు, బేరం కూడా ఆడకుండా. కాబట్టి డబ్బు లేక కాదు, ఆ డబ్బు స్పీకర్ల వైపు పోదు.

రెండో జవాబు చెవుడు. ఇది ఎగతాళిగా అనేది కాదు. ఫిడేలు ఎడమ చెవికి జానెడు దూరంలో మోగుతుంది, ఏళ్ళ తరబడి. సన్నాయి, డోలు వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజుకి 8 గంటలు 85 డెసిబెల్స్ వరకే చెవికి క్షేమమనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గించాలనీ వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. 2012లో లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో రిహార్సల్స్ జరుగుతుండగా, ఇత్తడి వాద్యాల ముందు వరసలో కూర్చున్న ఒక వయోలా (ఫిడేలు జాతి వాద్యం) వాద్యకారుడి వినికిడి దెబ్బతింది. ఆయన కోర్టుకెళ్ళారు. 2018లో హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. సంగీతకారుల చెవులు పనిలో అరిగిపోతాయన్నది అలా కోర్టు రికార్డులకీ ఎక్కింది. వయసుతో పాటు పై స్థాయి శబ్దాలు ఎలాగూ తగ్గిపోతాయి. 60 దాటిన వాళ్ళలో చాలామందికి 12,000 హెర్ట్జ్ పైన వినబడేది అంతంతమాత్రం. స్పీకరు 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందని పెట్టె మీద రాసి ఉంటే, అది కుక్కలకీ గబ్బిలాలకీ పనికొచ్చే సమాచారం.

అయినా చెవుడుతో ఈ చిక్కు విడిపోదు. పల్లవి మూడో సంగతిలో అరక్షణం తొందరని పట్టుకున్నది అదే చెవి కదా. చెవి సరిగ్గానే పనిచేస్తోంది. అది వెతుకుతున్నది వేరు.

ఆడియో ప్రియుడు వినేటప్పుడు అతని ముందు ఒక శబ్దం ఉంటుంది. దానికి లోతు, వెడల్పు, మెరుపు, గరుకుతనం ఉంటాయి. గాత్రం ఎక్కడ నిలబడి ఉంది, మృదంగం ఎంత వెనక ఉంది, తంబుర ఎంత పలచగా పరుచుకుంది అని చూస్తాడు. ఒక మంచి పట్టుచీరని వేళ్ళ మధ్య రుద్ది చూసినట్టు. సంగీతకారుడి ముందు మాత్రం ఒక మనిషి ఉంటాడు, ఏదో పని చేస్తూ. స్వరాన్ని ఊపే ఆ గమకం ఏ వేలితో తీశాడు? పై షడ్జమానికి జారి వెళ్ళాడా, గెంతి వెళ్ళాడా? ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, ముక్కాలు దగ్గర తీసుకున్న వాడు తిరిగి అక్కడికే ఎలా చేరతాడు? ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు? చీర నేసే మనిషి ఇంకొకరు నేసిన చీర చూసినట్టు ఉంటుంది ఇది. అతని చూపు ముడి ఎక్కడ పడింది అన్నదాని మీద ఉంటుంది. శబ్దం ఆ పని జరిగిందనడానికి సాక్ష్యం. సాక్ష్యం చాలినంత ఉంటే చాలు, దానికి మెరుగు పెట్టనక్కర్లేదు.

ఇది కవిత్వం కోసం చెబుతున్న మాట కాదు. పియానో వాద్యకారుల మీద 2001లో అచ్చయిన ఒక మెదడు పరిశోధన ఉంది. తమకి వచ్చిన రచనని కదలకుండా కూర్చుని వింటుంటే కూడా, వాళ్ళ మెదడులో వేళ్ళని ఆడించే భాగం మేలుకుంది. బొటనవేలితో వాయించాల్సిన స్వరానికీ చిటికెనవేలి స్వరానికీ అక్కడ తేడా కూడా కనబడింది. అంటే వాళ్ళు వింటూ లోపల వాయిస్తున్నారు. మా మాస్టారు పడక్కుర్చీలో వింటున్నప్పుడు ఆయన ఎడమచేతి వేళ్ళు కుర్చీ చేతి మీద కదులుతూ ఉంటాయి. ఆయనకి తెలియదు, మేము చూసి నవ్వుకుంటాం. అసలు కచేరీ అక్కడ, ఆ వేళ్ళలో జరుగుతోంది. ఫోను అందించేది సూచన మాత్రమే.

మరి ఆ ఫోను అంత చిన్న స్పీకరుతో అంత సూచన ఎలా ఇవ్వగలుగుతోంది? ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం కావాలి.

మగ గాయకుడు ఒకటి శ్రుతిలో పాడుతున్నాడనుకోండి. అతని ఆధార షడ్జమం సుమారు 131 హెర్ట్జ్. ఫోను స్పీకరు అంత కింది శబ్దాన్ని దాదాపుగా పలకలేదు. పాత టెలిఫోను లైను అయితే 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అయినా నాన్నగారు ఫోనులో మాట్లాడితే ఆడగొంతులా ఎప్పుడూ వినబడలేదు కదా. కారణం, ఏ స్వరమూ ఒంటరిగా రాదు. 131తో పాటు దాని రెట్టింపు 262, మూడు రెట్లు 393, నాలుగు రెట్లు 524, ఇలా ఒక వరస వెంట వస్తుంది. పై మెట్లు వినబడితే చాలు, వాటి మధ్య ఎడం 131 అని మెదడు లెక్క కట్టి, లేని కింది మెట్టుని తానే వేసుకుంటుంది. కాబట్టి శ్రుతి పోదు. రాగం స్వరాల మధ్య దూరాల్లో ఉంటుంది, అదీ పోదు. లయ ఎలాగూ పోదు. ఇక స్టీలు గ్లాసు ఏం చేస్తుందంటే, తన లోతుని బట్టి ఆరేడు వందల హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని కొంచెం ఎత్తి చూపిస్తుంది. గాత్రానికీ ఫిడేలుకీ అది పనికొచ్చే చోటే. ఆడియో ప్రియుల హైఫై లెక్కల్లో దీన్ని శబ్దాన్ని వికృతం చేయడం అంటారు. మాస్టారు మాత్రం, బాగా కనబడుతోంది అంటారు. వినబడుతోంది అనరు, కనబడుతోంది అంటారు. అది నాకు మొదట్నుంచీ విచిత్రంగా ఉండేది.

పోయేది ఏమిటంటే మృదంగం తొప్పి (ఎడమ మూత) వైపు ఆ గుమ్మనే నాదం. తంబుర తీగ కింద దారం సర్దితే వచ్చే ఝుంకారం. గాలి. వాటిని మెదడు పూరించగలదు, కానీ ముందు ఎక్కడో విని ఉండాలి. సంగీతకారుడు వాటిని వేలసార్లు మూరెడు దూరం నుంచి విన్నాడు. అతనికి మనసులో నిల్వ ఉంది. మనలో చాలామందికి అంత నిల్వ లేదు. అందుకే మనకి మంచి స్పీకరు అతనికంటే ఎక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం, వినడానికి తలకిందులుగా అనిపించినా.

పాత తరం విద్వాంసులు నేర్చుకున్న పరిస్థితులు చూసినా ఇది అర్థమవుతుంది. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలమురళీకృష్ణ గారు అక్కడ పనిచేసిన రోజుల్లో పేరు తెచ్చిన 'భక్తిరంజని' పొద్దున్నే ఎన్నో ఇళ్ళల్లో మోగింది. వచ్చింది మీడియం వేవ్‌లో. ఆ పద్ధతిలో నాలుగైదు వేల హెర్ట్జ్ దాటి పెద్దగా ఏమీ రాదు, మీద గరగర, మధ్యలో పక్క స్టేషను. దాన్ని విని కృతులు, కీర్తనలు రాసుకుని, పాడుకుని, తర్వాత వేదికలెక్కిన వాళ్ళున్నారు. ఆ తర్వాత టేపుల కాలం. సభలో ఎవరో రహస్యంగా తీసిన స్పూలు టేపు, దాని నుంచి ఒక క్యాసెట్టు, దాని నుంచి మరో క్యాసెట్టు. ప్రతి నకలుకీ వెనక బుస్సుమనే హిస్ పెరుగుతుంది. అయినా విద్వాంసుల బీరువాల్లో దాచుకునేవి ఇవే. స్టూడియోలో శుభ్రంగా తీసిన రికార్డులో రాగం నాలుగు నిమిషాలు ఉంటుంది, కచేరీ టేపులో నలభై నిమిషాలు ఉంటుంది. రెంటిలో ఏది కావాలంటే వాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించరు.

అలాగని సంగీతకారులు యంత్రం చేసే ప్రతి తప్పునీ క్షమిస్తారనుకోకండి. ఒక్క విషయంలో వాళ్ళు మహా కఠినులు: వేగం. పాత గ్రామఫోను రికార్డు నిమిషానికి 78 తిరగాలి. 80 తిరిగితే తేడా ఎంత? చూడ్డానికి ఏమీ లేదు, శ్రుతి మాత్రం పక్క స్వరస్థానానికి దాదాపు సగం దూరం పైకి పోతుంది. ఆ గాయకుడి గొంతు ఎరిగిన వాళ్ళు మొదటి వరసలోనే నొసలు ముడుస్తారు. తొలినాళ్ళలో ఆ వేగం కూడా అన్నిటికీ ఒకటే కాదు, 70 నుంచి 90 వరకూ రకరకాలుగా కోసేవాళ్ళు. టేపు రికార్డర్లో బ్యాటరీ దిగిపోతే ఒకటిన్నర శ్రుతి పాట ఒకటికి జారేది, మా మాస్టారికి అప్పుడు నిజంగా టెన్షన్ వచ్చేది. ఎల్పీ రికార్డు మధ్య బెజ్జం వెంట్రుక వాసి పక్కకి ఉన్నా ప్రతి చుట్టుకీ స్వరం ఒకసారి పైకీ ఒకసారి కిందికీ ఊగుతుంది. లక్షలు పోసి కొన్న టర్న్‌టేబుల్ కూడా ఆ బెజ్జాన్ని సరిచేయలేదు.

ఫోనుకి ఈ జబ్బే లేదు. లోపల ఒక క్వార్ట్జ్ స్ఫటికం గడియారంలా పనిచేస్తుంది, శ్రుతి రవ్వంత కదలదు. అంటే సంగీతకారుడికి అన్నిటికంటే ముఖ్యమైన కొలతలో, ఎనిమిది వేల రూపాయల ఫోను ఇంజినీరు గారి గ్రానైటు పలకని ఓడిస్తుంది. ఈ మాట నేను ఆయన దగ్గర ఎప్పుడూ అనలేదు.

ఇంకో కారణం ఉంది, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది. హైఫై అంటేనే అసలుకి విధేయత. అసలు శబ్దం ఒకటుంది, దానికి ఎంత దగ్గరగా పోతే అంత గొప్ప. ఆ అసలు ఏది? కచేరీ వేదిక మీద గాయకుడికి ఎడమ పక్క ఫిడేలు, కుడి పక్క మృదంగం. మృదంగం వాయించే ఆయన ఎడమచేతి వాటం అయితే చోట్లు మారతాయి, ఆ మార్పు గురించి ఒకప్పుడు పేచీలు కూడా వచ్చేవి. ఫిడేలు ఆయనకి తన వాద్యం ఎడమ చెవిలో హోరెత్తుతుంటుంది, గాయకుడి గొంతు పక్క నుంచి వస్తుంది, మృదంగం ఎదురుగా, గాయకుడికి ఆవలి నుంచి. గాయకుడికి తన గొంతు సగం ఎముకల గుండా వినబడుతుంది. అందుకే తన గొంతుని తొలిసారి రికార్డులో విన్న ఎవరికైనా, ఇది నేనేనా, అనిపిస్తుంది. ముందు వరస రసికుడికి ఇంకో కచేరీ. వెనక వరసలో వాడికి రెండు పెట్టెల నుంచి ఒకే శబ్దం. ఎందుకంటే మన సభల్లో మైకు సెట్టు మామూలుగా మోనోయే, ఎడమ పెట్టెలోనూ కుడి పెట్టెలోనూ అదే మోగుతుంది. ఎడమ, కుడి, వెనక అంటూ స్టీరియోలో పరిచి చూపించే ఆ వేదిక మిక్సింగ్ చేసిన ఇంజినీరు తన బల్ల దగ్గర కట్టినది. అది అబద్ధమని నేననను, అందమైన కట్టడమే. కానీ వేదిక మీద కూర్చున్న మనిషి దాన్ని ఎప్పుడూ వినలేదు. ఎన్నడూ వినని దాన్ని అచ్చం అసలులా ఉంది అని మెచ్చుకోమంటే అతనేం చేస్తాడు?

ఎడిసన్ కంపెనీ ఈ 'అచ్చం అసలు' అన్న మాటని నాటకంగా ఆడి చూపించింది. 1915 నుంచి పదేళ్ళ పాటు అమెరికా ఊరూరా టోన్ టెస్టులు పెట్టారు. వేదిక మీద గాయని, పక్కన వాళ్ళ డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫు. దీపాలు ఆర్పేస్తారు. పాట సాగుతూనే ఉంటుంది. దీపాలు వెలిగేసరికి గాయని ఉండదు, పాడుతున్నది యంత్రం. జనం ఆశ్చర్యపోయేవారు. 1916లో న్యూయార్క్ కార్నెగీ హాల్లోనూ ఇది జరిగింది. ఇప్పుడు ఆ డిస్కులు వింటే బావిలోంచి పాడినట్టుంటాయి, మరి అప్పట్లో ఎలా మోసపోయారు? గాయకులు యంత్రం గొంతుకి తగ్గట్టు తమ గొంతుని కుదించి పాడేవారని తర్వాత బయటపడింది. యంత్రం మనిషిని అనుకరించలేక, మనిషే యంత్రాన్ని అనుకరించాడు. ఈ ప్రదర్శనలు పెట్టించిన ఎడిసన్‌కి చెవుడు, ఆ చెవులతోనే ఏ రికార్డు విడుదల చేయాలో ఆయన తేల్చేవాడు. మామూలు సంగీతకారుడికి ఇందులో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. వాళ్ళకి ముందే తెలుసు, ఎంతవరకు పాడితే ఏ మైకు ఎంత పట్టుకుంటుందో.

ఇంతకీ సంగీతకారులకి వస్తువుల పిచ్చి లేదా? ఉంది, భయంకరంగా ఉంది. మాస్టారు కమానుకి రాసే రోజిన్ గురించి అరగంట మాట్లాడగలరు. ఫిడేలు లోపల నిలబెట్టే సౌండ్ పోస్టుని గోరంత జరిపించడానికి రాత్రి బస్సెక్కి చెన్నై వెళ్ళొచ్చారు. మృదంగం వాళ్ళు ఎడమ మూతకి పూసే రవ్వ ముద్ద ఎంత తడిగా ఉండాలి అన్నదాని మీద ఒకరితో ఒకరు ఏకీభవించరు. బొబ్బిలిలో ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకాండి వీణకీ, ముక్కలు అతికించిన వీణకీ నాదంలో తేడా గురించి వైణికుల దగ్గర ఎత్తి చూడండి, పొద్దు గడిచిపోతుంది. పిచ్చి ఒకటే, పెట్టుకున్న చోటు వేరు. శబ్దం పుట్టే చోట వాళ్ళ చేయి ఉంటుంది, అక్కడ గోరంత మార్పు కూడా వేలికి తగులుతుంది. గొలుసు చివర ఉన్న స్పీకరు మీద వాళ్ళ చేతికి పట్టు లేదు.

ఆ పిచ్చిలో భ్రమ పాలు కూడా తక్కువేమీ కాదు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, ఒక అంతర్జాతీయ పోటీ జరుగుతుండగా, ఒక హోటల్ గదిలో 21 మంది ఫిడేలు వాద్యకారుల కళ్ళకి వెల్డింగ్ కళ్ళద్దాలు తగిలించి, ఆరు ఫిడేళ్ళు చేతికిచ్చారు. మూడు కొత్తవి. మూడు 18వ శతాబ్దంలో ఇటలీలో పేరుమోసిన పనివాళ్ళు చేసినవి, రెండు స్ట్రాడివేరియస్‌లు, ఒక గ్వార్నేరి. ఏది ఇంటికి తీసుకెళ్తారంటే 13 మంది కొత్తదాన్ని ఎంచుకున్నారు. అందరికంటే తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివేరియస్. కోట్ల రూపాయల వాద్యం అది. ఆడియో ప్రియులకీ ఇలాంటి చేదు మాత్ర ఉంది. బోస్టన్‌లో ఇద్దరు చేసి 2007లో అచ్చు వేయించిన పరీక్షలో, సీడీ కంటే మెరుగని అమ్మే డిస్కుల శబ్దాన్ని మధ్యలో సీడీ స్థాయికి తగ్గించి, తేడా చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. కాబట్టి మా మాస్టారూ, ఇంజినీరు గారూ ఒకరినొకరు చూసి నవ్వుకునే అర్హత ఇద్దరికీ లేదు.

గది సంగతి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, అది చెబితే ఇంజినీర్లు బాగా ఒప్పుకుంటారు గనక. 11 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 51 హెర్ట్జ్ దగ్గర శబ్దం చిక్కుకుని ఊగుతుంది. ఒక మూల హోరు, మధ్యలో శూన్యం. మన ఇళ్ళల్లో గచ్చు నేల, సున్నం గోడలు, గాజు కిటికీలు, పైన ఫ్యాను. స్పీకరు తీగ మీద యాభై వేలు పెట్టే ముందు గదిలో ఒక మందపాటి జంబుఖానా పరిస్తే ఎక్కువ మేలు జరుగుతుంది. ఖరీదైన తీగల మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు.

శబ్దం మీదే బతికే వృత్తి ఒకటుంది, రికార్డింగ్ ఇంజినీర్లది. సంగీతకారుల బదులు వాళ్ళయినా విలాసవంతమైన స్పీకర్లు వాడతారా అంటే, ప్రపంచమంతా ఏళ్ళ తరబడి స్టూడియోల్లో రాజ్యమేలినది యమహా ఎన్ఎస్-10 అనే చిన్న పెట్టె. 1978లో ఇళ్ళ కోసం చేశారు, ఇళ్ళల్లో ఎవరికీ నచ్చలేదు. కీచుమంటోందని. ఆ కీచుతనాన్ని తగ్గించడానికి స్టూడియో వాళ్ళు పై స్థాయి శబ్దాలు పలికే దాని ట్వీటరు మీద టిష్యూ కాగితం అతికించేవారు. అయినా దాన్నే వాడారు, ఎందుకంటే మిక్సింగులో తప్పులన్నీ అది మొహం మీద చెప్పేస్తుంది. దాని మీద బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది. 2001లో తయారీ ఆపేశాక పాతవి వెతుక్కుని కొన్నారు. పని చేసేవాడికి కావాల్సిన స్పీకరు, సేదతీరే వాడికి కావాల్సిన స్పీకరు వేరని దీన్నిబట్టి తెలుస్తుంది. సంగీతకారుడు ఇంట్లో కూడా చాలాసార్లు పనిలోనే ఉంటాడు. పని లేనప్పుడు అతనికి కావాల్సింది తరచుగా నిశ్శబ్దం. మూడు పెళ్ళిళ్ళు వాయించి వచ్చిన సన్నాయి విద్వాంసుడి ఇంట్లో టీవీ కూడా మోగదు.

దీనికి ఎదురు చెప్పే పేర్లు లేకపోలేదు. ఆర్కెస్ట్రా నడిపించే హెర్బర్ట్ ఫాన్ కరాయన్ 1981లో సాల్జ్‌బుర్గ్‌లో సోనీ వాళ్ళతో కలిసి కూర్చుని, ఇంకా మార్కెట్లోకి రాని సీడీని లోకానికి పరిచయం చేశాడు. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు మానేసి రికార్డింగుకే అంకితమయ్యాడు. రాక్ గాయకుడు నీల్ యంగ్ 2014లో మేలైన శబ్దం కోసమని తలపెట్టిన పోనో అనే మ్యూజిక్ ప్లేయరుకి జనం నుంచి 60 లక్షల డాలర్లకి పైగా చందాలు పోగేశాడు, 2017 కల్లా అది మూతపడింది. అవతలి చివర మరో ఆర్కెస్ట్రా నాయకుడు సెర్జూ చెలిబిడాకె, రికార్డు చేసిన సంగీతం సంగీతమే కాదని దాదాపు జీవితమంతా స్టూడియోలకి దూరంగా ఉన్నాడు. గమనిస్తే కరాయన్, గూల్డ్ ఆసక్తి కూడా ఎక్కువగా రికార్డు తయారయ్యే చోటే ఉంది. అక్కడ వాళ్ళ చేతికి పట్టుంది.

ఇంజినీరు గారి పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. ఆ రోజు నేను ఆయన గదిలో తంబురని విన్నాను, నిజంగా విన్నాను, గదంతా పొగలా అలుముకోవడం. గ్లాసులో అది ఎప్పుడూ రాలేదు. తొప్పి మీద అరచేయి పడ్డప్పుడు గుండెకి తగిలింది. నాకు మాస్టారికున్న నిల్వ లేదు, ఆ గది నాకు దాన్ని ఇచ్చింది. పాట ఎక్కడ తొందరపడిందో మాత్రం నేను కనిపెట్టలేదు. మాస్టారు చెప్పాక మళ్ళీ వేయించుకుని విన్నా తెలియలేదు.

కాఫీలు అయ్యాక మాస్టారు బయల్దేరబోతూ ఆ యాంప్లిఫయరు దగ్గర ఆగారు. అటూ ఇటూ చూసి, చాలా మర్యాదగా అడిగారు.

"ఏమండీ ఇంజినీరు గారూ, ఆ మూడో సంగతిని శ్రుతి మారకుండా సగం వేగంతో వినిపించే ఏర్పాటు ఇందులో ఎక్కడైనా ఉందాండీ? ఆయన వేలు ఎక్కడ మార్చాడో చూద్దామని."

లేదన్నారు ఇంజినీరు గారు. టర్న్‌టేబుల్ వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగిపోతుందని, ఆ మాట మాస్టారికి తెలుసని తెలిసీ, వివరించబోయి ఆగిపోయారు. మాస్టారు జేబులోంచి ఫోను తీసి, అదే కచేరీ వెతికి, వేగం సగానికి తగ్గించారు. చిన్నగా వినబడుతోంది. ముగ్గురం దాని మీదకి వంగాం. కాసేపటికి ఇంజినీరు గారు లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక స్టీలు గ్లాసు పట్టుకొచ్చారు.